అక్క మోకాలు

దిల్‌సుఖ్‌నగర్,
11 ఆగస్టు 2025, సోమవారం.

గౌరవనీయులైన సూర్యప్రభ వదినగారికి,

మీ మరదలు ఉదయలక్ష్మి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఉత్తరం రాస్తే ముందు 'ఇక్కడ అందరం క్షేమం' అని రాయాలని మా నాన్నగారు చిన్నప్పుడు నేర్పారు. ఈ రోజు ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. భీమవరంలో మీరూ అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. అన్నయ్యగారి కంటి ఆపరేషన్ బాగా జరిగిందని మీ తమ్ముడు చెప్పారు. చుక్కలు వేళకి వేస్తున్నారు కదా?

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏమిటా అనుకుంటారు. మీ నంబరు నొక్కడం, రింగు కాకముందే ఆపేయడం, వారం నుంచి ఇదే పని. మీరు ఫోన్ ఎత్తి 'చెప్పు ఉదయా' అన్నారంటే నాకు ఏడుపు తప్ప మాట రాదు. అందుకే పిల్లలు బడికి వెళ్ళాక వంటింటి గట్టు దగ్గర స్టూలు వేసుకుని రాస్తున్నాను.

మే నెలలో మీరు మా ఇంటికొచ్చి అన్నం తినకుండా వెళ్ళిపోయారు. ఆ రోజు మీరన్నది ఒక్క మాట. తన్మయి చంటిగాడిని వీపు మీద ఎక్కించుకుని రెండో అంతస్తు నుంచి దిగుతుంటే చూసి, "దానికీ పదమూడేళ్ళే కదా ఉదయా, దాన్ని వాడికి రెండో అమ్మని చేసేశావు" అన్నారు. దానికి నేనేమన్నానో మీరు మర్చిపోయి ఉండరు. పిల్లలు పుట్టనివాళ్ళకి పిల్లల బాధ ఏం తెలుస్తుందన్నాను. మీరు సంచి సర్దుకుంటుంటే ఆపలేదు. చారు తాలింపు పెట్టుకుంటూ నిలబడ్డాను. ఆ మాట మళ్ళీ రాయకూడదనుకున్నాను గానీ, రాయకుండా క్షమించమని అడగడం దొంగతనంలా ఉంటుంది. వదినగారూ, తప్పయిపోయింది. మీరు చెప్పింది నేను ఆ రోజే విని ఉంటే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

ఇక సంగతులు. చంటిగాడి జబ్బు గురించి మీకు తెలిసిందే. నాలుగో ఏట కుడి మోకాలు వాచి, పిల్లలకొచ్చే కీళ్ళవాతమని తేలిన దగ్గర్నుంచి ఈ మూడేళ్ళూ మా ఇల్లు వాడి మోకాలి చుట్టూనే తిరిగింది. వారానికోసారి మందు, మందు పడ్డ మర్నాడు వాంతులు, రక్తపరీక్షలు, వ్యాయామాలు. ఈ మధ్య పైకి వాపు తగ్గింది. అయినా వాడు నడవమంటే నొప్పంటాడు, మెట్లెక్కమంటే ఏడుస్తాడు. లోపల జబ్బు ఇంకా రగులుతోందా, లేక ఇన్నాళ్ళ భయం వల్ల నడవడం లేదా అన్నది మాకు అంతుబట్టలేదు. మీ తమ్ముడేమో మందు ఆపేద్దామంటారు. వాడి వాంతులు చూడలేక. నాకేమో ఆపితే మళ్ళీ వాస్తుందని దడ.

ఎల్బీనగర్‌లో పిల్లల కీళ్ళ డాక్టరు రాఘవేంద్రగారు, మామూలు స్కాన్‌లో కీలు లోపలి పొర మందంగా కనబడుతోంది గానీ అది పాత మచ్చలాంటిదో, ఇప్పుడు మండుతున్నదో దానితో తేల్చలేమన్నారు. పెద్ద స్కాన్‌కి వాడు కదలకుండా పడుకోడు, మత్తు ఇవ్వాలి. అందుకని వేరే పద్ధతి చెప్పారు. అది కూడా కడుపుతో ఉన్నప్పుడు చేసే అల్ట్రాసౌండ్ లాంటిదే. కాకపోతే చేతి నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. అందులో కంటికి కనిపించనంత చిన్న గాలిబుడగలుంటాయట. అవి రక్తంతో పాటు తిరుగుతాయి. జబ్బు మండుతున్న చోటికి రక్తం ఎక్కువ పోతుంది కాబట్టి అక్కడ తెర మీద తెల్లగా వెలుగుతుందట. కాసేపటికి ఆ బుడగలు ఊపిరితోనే బయటికి పోతాయి. పిల్లల కీళ్ళకి ఈ పద్ధతి మన దగ్గర ఇప్పుడిప్పుడే మొదలైందని, అన్నీ వివరంగా చెప్పి సంతకం పెట్టించుకున్నారు.

పోయిన మంగళవారం వెళ్ళాం. మీ తమ్ముడికి కోచింగ్ సెంటర్లో పిల్లల పరీక్షలు, సెలవు దొరకలేదు. తన్మయిని బడి మానిపించి తీసుకెళ్ళాను. ఎందుకో తెలుసా? వాడిని మొయ్యడానికి. నిజం అదే. మెట్రో స్టేషన్‌లో లిఫ్టు దగ్గర జనం నిండి ఉన్నారు. చంటి మెట్లెక్కనని కూర్చున్నాడు. నేను సంచీ, ఫైలూ పట్టుకుని ముందు నడుస్తూ "త్వరగా రావే" అని కేకేస్తున్నాను. వెనక ఇది వాడిని వీపు మీద వేసుకుని, రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి ఎక్కుతోంది. చిన్నపిల్లలు ఎక్కినట్టు. నేను చూశాను వదినగారూ. చూసి, రైలు పోతుందని విసుక్కున్నాను.

స్కాన్ గదిలో చంటి సూది చూసి ఒకటే అరుపు. జ్యోతిక అని అక్కడి నర్సు, నల్గొండ పిల్ల, వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బుజ్జగించింది. "ఏడ్వకు బిడ్డా, జర చెయ్యి ఇయ్యి. చీమ కుట్టినట్లుంటది, గంతే" అంటుంది. వాడు వినడు. సూది గుచ్చేశాక మిషన్ చూసి మళ్ళీ మొదలుపెట్టాడు. అది మోకాలిలోకి దూరుతుందనుకున్నాడు.

అప్పుడు స్కాన్ చేసే డాక్టరమ్మ, మృదులగారని, నవ్వుతూ, "సరే, ముందు అక్కకి పెట్టి చూపిస్తా. అక్కకి నొప్పి పుడితే నీకు చెయ్యను, సరేనా?" అంది.

తన్మయి వెనక్కి జరిగింది. "నాకొద్దు" అంది. గట్టిగానే అంది. నాకు నలుగురిలో తల కొట్టేసినట్టయింది. "తమ్ముడి కోసం ఆ మాత్రం చెయ్యలేవా? సూది కూడా కాదు కదా" అని కసిరాను. అది బల్ల ఎక్కి, ప్యాంటు పైకి లాక్కుంది.

పెద్దపిల్ల అయ్యాక దాని మోకాళ్ళు నేను చూడనే లేదు వదినగారూ. ఎప్పుడూ ప్యాంటో లెగ్గింగో. స్నానం తనే చేస్తుంది. వాడి మోకాలు మాత్రం రోజూ టేపు పెట్టి కొలిచేదాన్ని. ఆ బల్ల మీద దాని కాళ్ళు చూసి నాకు ముందు అర్థం కాలేదు. లావయిందా అనుకున్నాను. తొడలు సన్నంగా ఉన్నాయి, మోకాళ్ళు మాత్రం గుండ్రంగా.

మృదులగారు జెల్లీ రాసి, "చూశావా చంటీ, అక్క నవ్వుతోంది" అంటూ మిషన్ తీగ చివరి ముక్క మోకాలి మీద ఆనించింది. తెర వైపు చూసింది. ముక్కని అటూ ఇటూ జరిపింది. కొంచెం నొక్కింది. తన్మయి పెదవి కొరుక్కుంది. తర్వాత ఎవరూ అడగకుండానే రెండో మోకాలి మీద కూడా జెల్లీ రాసింది.

"ఏమ్మా, పొద్దున లేవగానే కాళ్ళు పట్టేసినట్టు ఉంటాయా?" అని అడిగింది, చాలా నెమ్మదిగా.

తన్మయి నా వైపు చూసింది. తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా చూసింది. "కొంచెం" అంది.

"ఎప్పటి నుంచి?"

"పోయిన దసరా సెలవుల్నించి."

జ్యోతిక నోటి మీద చెయ్యి వేసుకుని, "అయ్యో, ఏం పిల్లవే నువ్వు, గిన్ని దినాలు ఎవలికి చెప్పలేదా?" అంది. చంటి మాత్రం, "అక్కకి నొప్పెయ్యలేదు, ఇప్పుడు నాకు పెట్టండి" అని బల్ల ఎక్కేశాడు.

వాడి స్కాన్ అయింది. మందు ఎక్కిస్తుంటే తెర మీద చూస్తూ నిలబడ్డాను. నల్లటి తెర మీద అక్కడక్కడ నూకలు చల్లినట్టు నాలుగు చుక్కలు మెరిశాయి. అంతే. మృదులగారు నా భుజం మీద చెయ్యి వేసి, "మీ అబ్బాయి మోకాలు చల్లబడిందమ్మా, లోపల మంట లేదు" అంది. మూడేళ్ళుగా ఈ ఒక్క మాట కోసం ఎన్ని మొక్కులు మొక్కానో మీకు తెలుసు. ఆ మాట వినపడిన గదిలోనే, పక్క కుర్చీలో నా కూతురు కాగితం రుమాలుతో మోకాళ్ళ మీది జెల్లీ తుడుచుకుంటోంది. సంతోషపడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

అన్నట్టు చంటి తిరుగు ప్రయాణమంతా మెట్రోలో బుగ్గలు పూరించి ఊదుతూనే ఉన్నాడు. బుడగలు అన్నీ పోవాలట. "నాలో ఇంకా ఎన్ని మిగిలాయి అక్కా?" అని అడుగుతాడు. ఇది ఓపిగ్గా వాడి నోటి దగ్గర చెవి పెట్టి, "ఇంకొన్ని ఉన్నాయి, ఊదు" అంటుంది.

పాలు పొంగుతున్నాయి. మిగతాది తర్వాత రాస్తాను.


21 ఆగస్టు, గురువారం.

వదినగారూ, మధ్యలో ఆపేసిన ఉత్తరం ఇన్ని రోజులు బియ్యం డబ్బా మీద పడి ఉంది. చించేద్దామని ఒకసారి చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ ఇప్పుడు మీకు రాయకపోతే కుదరని పని ఒకటి వచ్చింది. వరసగా చెబుతాను.

స్కాన్ అయిన మర్నాడే తన్మయిని రాఘవేంద్రగారికి చూపించాం. ఈసారి మీ తమ్ముడు కూడా వచ్చారు. ఆయన దాన్ని నడిపించి, కూర్చోబెట్టి, లేపి, ఒక్కో కీలూ వంచి చూశారు. రెండు మోకాళ్ళు, ఎడమ చీలమండ. ఎడమ మోకాలు పూర్తిగా చాపలేకపోతోంది. నొప్పి వల్ల వంచుకునే నడిచీ నడిచీ తొడ కండ సన్నబడిపోయిందట. ఈ జబ్బున్న పిల్లలకి కళ్ళకి కూడా తెలియకుండా దెబ్బ తగలొచ్చని వెంటనే కంటి పరీక్షకి పంపారు. ఆ గంటసేపు నేను ఎలా కూర్చున్నానో నాకే తెలియదు. కళ్ళు బాగున్నాయి. ఆ ఒక్కటీ దేవుడి దయ.

తర్వాత డాక్టరుగారు పిల్లలిద్దరినీ బయట కూర్చోమని మాతో మాట్లాడారు. నేను ఆగలేకపోయాను. దానిచేత వాడిని మోయించడం వల్ల వచ్చిందా, మెట్ల వల్లా, ఎక్కడైనా పడిందా, తిండి సరిగ్గా పెట్టలేదా అని ఒకటే ప్రశ్నలు. ఆయన నన్ను పూర్తిగా అడగనిచ్చి అప్పుడు చెప్పారు. "అమ్మా, ఈ జబ్బు మోస్తే రాదు, పడితే రాదు, దెబ్బ తగిలితే రాదు. తిండికీ దీనికీ సంబంధం లేదు. ఒంటిని కాపాడాల్సిన బలగమే దారి తప్పి కీళ్ళ మీద పడుతుంది. ఎందుకు పడుతుందో మాకే పూర్తిగా తెలియదు. ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం అరుదే గానీ, వస్తుంది. ఇది ఎవరి తప్పూ కాదు. కాస్త ఆలస్యంగా తెలిసింది, అంతే."

ఆ ఆలస్యం ఎవరిదో ఆయన అనలేదు. అనక్కర్లేదు కదా.

పోయిన దసరా నుంచి ఒక్కో రోజూ గుర్తుకొస్తోంది. పొద్దున్నే లేచి మంచం అంచున కూర్చుని కాళ్ళు రుద్దుకుంటూ ఉండేది. నేను దుప్పటి లాగేసి, మొద్దునిద్ర అని తిట్టేదాన్ని. గోడ పట్టుకుని బాత్రూమ్‌కి నడుస్తుంటే "అదిగో ముసలమ్మ వచ్చింది" అన్నాను ఒకసారి. నవ్వుతాలకే అన్నాను. చంటి ఆ పేరు పట్టుకుని నెల రోజులు 'ముసలమ్మా' అని పిలిచాడు. అదీ నవ్వేది. బళ్ళో ఖోఖో జట్టులో ఉండేదా, జనవరిలో మానేసింది. ఎందుకు మానేశావని నేను అడగలేదు. సాయంత్రం ఇంటికి తొందరగా వస్తోంది, చంటికి వ్యాయామం చేయిస్తుంది అని లోపల సంతోషించాను. గుడిలో కింద కూర్చోకుండా అరుగు మీద కూర్చుంటే, పెద్దవాళ్ళ ముందు అంత టెక్కా అన్నాను. అన్నీ నా కళ్ళ ముందే జరిగాయి వదినగారూ. కళ్ళు రెండూ వాడి మీద పెట్టేశాను.

మీ తమ్ముడు ఆ సాయంత్రం దాని పాదం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత, "మా తల్లి బంగారం. మమ్మల్ని కష్టపెట్టకూడదని ఏడాది నొప్పి దిగమింగింది" అన్నారు. అది కాలు వెనక్కి లాక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఎవరు మెచ్చుకున్నా అంతే, లేచి వెళ్ళిపోతుంది. పొగడ్తంటే ఎంత సిగ్గో దానికి. ఎందుకు చెప్పలేదే అని నేను రెండుమూడు సార్లు అడిగాను. "ఏం లేదమ్మా" అంటుంది, అంతే. అడగాల్సిన పని కూడా లేదులెండి. ఈ ఇంట్లో ఒక జబ్బుకే అమ్మ సగమైపోయింది, ఇంకోటి ఎందుకని ఊరుకుంది. నా మొహం చూస్తే పిల్లకి నొప్పి చెప్పుకోవాలని కూడా అనిపించలేదంటే, నేనెలాంటి తల్లినో మీరే ఆలోచించండి.

నిన్న దానికి కూడా ఆ బుడగల స్కాన్ చేశారు. ఏ కీలు ఎంత మండుతోందో చూసి, ఎక్కడెక్కడ సూది వెయ్యాలో తేల్చుకోవడానికట. ఇది చంటిలా ఏడవలేదు. చెయ్యి ఇచ్చేసి పైకప్పు చూస్తూ పడుకుంది. జ్యోతికే, "జర ఏడ్వు బిడ్డా, ఏడిస్తే ఏం గాదు" అంది. మందు వెళ్ళిన కాసేపటికి, పాలు పొంగినట్టు మోకాలి లోపల అంచుల వెంట తెల్లగా పొంగుకొచ్చింది. వాడి తెర నల్లగా ఉండిపోయింది కదా. దీని తెర మీద నలుపే తక్కువ. కుడిది, ఎడమది, చీలమండ, మూడూ అంతే. మృదులగారు ఆ తెలుపు చూపిస్తూ ఏదో చెబుతోంది. నాకు దాని వీపు మీద చంటి, స్టేషన్ మెట్లు, "త్వరగా రావే" అన్న నా గొంతు, ఇవే వినిపిస్తున్నాయి.

పోయిన వారమే మా ఇల్లుగలావిడ కిష్టమ్మగారు విషయం తెలిసి పైకి వచ్చింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, ఎప్పుడూ పైకి రాదు. రొప్పుతూ వచ్చి తన్మయి పక్కన కూర్చుంది. నన్ను ఓదార్చడం అదీ ఏం లేదు. "గీ మెట్లు ఎక్కుడు దిగుడు ఏంది, ఇద్దరు పిల్లలకు ఇట్లున్నంక? కింది రూములల్ల సామాను మీదికి ఎక్కిపిస్త. మీరు కిందికి దిగుండ్రి. పరేషాన్ గాకు, కిరాయి గదే" అంది. ఆ సాయంత్రమే వాళ్ళబ్బాయి సాయినాథ్‌ని, పక్కింటివాళ్ళని పిలిచి బియ్యం బస్తాలు మోయించడం మొదలుపెట్టింది. ఇప్పుడు మేం కింద ఇంట్లో ఉన్నాం. కాస్త చీకటిగా ఉంటుంది గానీ గుమ్మం దాటితే రోడ్డే. మీరొస్తే మెట్లెక్కే పని లేదు.

ఆ మాటకే వస్తున్నాను. వచ్చే శనివారం, ముప్పయ్యో తారీఖున, తన్మయికి మూడు కీళ్ళలోకీ మందు సూదులు వేస్తారు. కాసేపు మత్తిచ్చి వేస్తారట, సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాత వారం వారం మందు, వ్యాయామాలు, చంటిగాడికి చేసినవే. తొందరగా అదుపులోకి రావచ్చు, ఎడమ మోకాలు మాత్రం తిన్నగా అవడానికి నెలలు పడుతుందన్నారు. చంటికి మందు మెల్లగా తగ్గిస్తున్నారు. లోపల మంట లేదని తెలిశాక మీ తమ్ముడు రోజూ సాయంత్రం వాడిని వీధి చివర దాకా నడిపిస్తున్నారు. మొదట ఏడ్చాడు గానీ నడుస్తున్నాడు.

మత్తు ఇచ్చేటప్పుడు పక్కన ఒక్కరు ఉండొచ్చని, ఎవరు ఉండాలో నువ్వే చెప్పమని జ్యోతిక తన్మయిని అడిగింది. నేను అప్పటికే ముందుకి జరిగాను. "సూర్యప్రభ అత్త" అంది.

నాకు బాధ కలగలేదని అబద్ధం రాయను. కలిగింది. కానీ ఆ మాట అనే హక్కు దానికుంది. ఈ ఇంట్లో దాని గురించి ఒక్క మాట మాట్లాడిన మనిషి మీరే. అందుకు నేను మిమ్మల్ని ఏమన్నానో కూడా అది వినే ఉంటుంది, ఆ పూట పక్క గదిలోనే ఉంది.

వదినగారూ, నన్ను క్షమించాకే రండి అని అడగడం లేదు. నాతో మాట్లాడకపోయినా సరే, రండి. శుక్రవారం రాత్రి బండికి బయలుదేరితే తెల్లారేసరికి దిగుతారు. మీ తమ్ముడు స్టేషన్‌కి వస్తారు. అన్నయ్యగారి చుక్కలకి ఇబ్బందైతే ఆయన్ని కూడా తీసుకురండి. ఈసారి అన్నం తినకుండా మాత్రం వెళ్ళనివ్వను.

నా అక్షరాలు చూస్తే పోస్టుమన్ కూడా తికమక పడతాడు. కవరు మీద చిరునామా తన్మయి చేత రాయిస్తాను.

మీ పాదాలకి దణ్ణం పెట్టి, గుమ్మం వైపు చూస్తూ ఉండే
మీ మరదలు
ఉదయలక్ష్మి


తా.క.

అత్తా, ఇది నేను రాస్తున్నాను, తన్మయిని. అమ్మ కవరు మీద అడ్రస్ రాయమని ఇచ్చి చంటికి స్నానం చేయించడానికి వెళ్ళింది. లోపలిది చదవకూడదని తెలుసు. చదివేశాను. నా తెలుగులో తప్పులుంటే నవ్వకు.

అమ్మ రాసినవాటిలో ఒకటి నిజం కాదు. నేను బంగారం కాబట్టి దాచలేదు.

చంటికి నాలుగేళ్ళప్పుడు నా డ్రాయింగ్ బుక్ చింపాడు. నాకు చాలా కోపం వచ్చింది. మెట్ల మీద నిలబడి ఉంటే తోసేశాను. వాడు కింద దాకా పడ్డాడు. కుడి మోకాలు కొట్టుకుంది. అమ్మ పైన బట్టలు ఆరేస్తోంది. నా దగ్గరున్న చాక్లెట్లన్నీ ఇచ్చి ఎవ్వరికీ చెప్పొద్దన్నాను, చెప్పలేదు. కొన్ని రోజుల తర్వాత అదే మోకాలు వాచింది. మొదట చూసిన డాక్టర్ వీడు ఎక్కడైనా పడ్డాడా అని అడిగాడు. అమ్మ నన్ను అడిగింది. నేను లేదన్నాను.

వాడికి ఇదంతా నా వల్లే వచ్చిందనుకున్నాను. అందుకే వాడిని నేనే ఎత్తుకునేదాన్ని. అమ్మ మోయమనక ముందే మోశాను అత్తా. నువ్వు ఆ రోజు అమ్మని తిట్టావు కదా, తప్పు అమ్మది కాదు. తర్వాత నా కాళ్ళు నొప్పి పెడితే నాకు కూడా అదే రావాలి కదా, సరిపోయింది అనుకున్నాను. చెప్తే తగ్గిపోతుంది కాబట్టి చెప్పలేదు. స్కాన్ గదిలో వద్దన్నది కూడా భయపడే. ఆ మిషన్‌లో లోపలివన్నీ కనిపిస్తాయన్నారు, నా నొప్పి కూడా కనిపిస్తుందేమో అని. చంటి మోకాలు చూసి, ఇది ఎవరో తోస్తే తగిలిన దెబ్బ అంటారేమోనని చూస్తూ కూర్చున్నాను. అనలేదు.

పడితే ఈ జబ్బు రాదని డాక్టర్‌గారు చెప్పినట్టు అమ్మ ఈ లెటర్లో రాసింది. అప్పుడు మమ్మల్ని బయట కూర్చోబెట్టారు, నాకు తెలీదు. ఇప్పుడే చదివాను. నాలుగుసార్లు చదివాను. అది నిజంగా చెప్పారా, అమ్మ ఏడుస్తోందని చెప్పారా? శనివారం నువ్వు వచ్చినప్పుడు ఆయన్ని అడుగు. నేను వింటుండగా అడుగు.

నిజమే అయితే నేను తోసిన సంగతి అమ్మకి నువ్వే చెప్పు అత్తా. నేను చెప్పాలని రోజూ అనుకుంటున్నాను. కానీ అమ్మ ఇప్పుడు రాత్రిళ్ళు నా పక్కన పడుకుని కాళ్ళు నొక్కుతోంది.

తన్మయి